చల్లగా ఉన్న వెనక చక్రం: పాత బండి డ్రమ్ము బ్రేకుల చిక్కు

ఒడిశా కొండల్లోంచి సుంకి ఘాటు దిగి సాలూరు చేరాక టీ కోసం బండి ఆపితే ముందు చక్రాల దగ్గర కాలిన వాసన వస్తుంది. జయపురం, కొరాపుట్ నుంచి సరుకులకని విజయనగరం వెళ్లొచ్చే మాలాంటి వాళ్లకి ఆ వాసన కొత్త కాదు. నా పాత వ్యాను ఏళ్ల తరబడి అలాగే దిగింది. ఒకరోజు టైరులో గాలి తగ్గిందేమోనని వెనక చక్రం మీద చెయ్యి వేశాను. రిమ్ము చల్లగా ఉంది. ముందు రిమ్ము చెయ్యి ఆనించలేనంత కాలుతోంది, వెనకది మాత్రం మంచినీళ్ల కుండలా ఉంది. రెండో వైపు వెళ్లి చూశాను. అదీ అంతే.

అంటే అంత ఘాటు దిగినా వెనక బ్రేకులు పనే చేయలేదు. బ్రేకు పని చేసిందనడానికి వేడే రుజువు. కొరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. సాలూరు అంతకన్నా 700 మీటర్లకు పైగా కింద. సరుకుతో కలిపి 1500 కిలోల బండి 700 మీటర్లు దిగేటప్పుడు వదిలించుకోవలసిన శక్తిని లెక్కేస్తే దాదాపు 3 యూనిట్ల కరెంటు అవుతుంది. 30 లీటర్ల చన్నీళ్లు మరగడానికి అది సరిపోతుంది. గేరులో దిగితే అందులో కొంత ఇంజిను తీసుకుంటుంది, కొంత గాలి తీసుకుంటుంది. మిగిలిందంతా బ్రేకులే మింగాలి. నాలుగు చక్రాలు పంచుకోవలసింది రెండే మోస్తే వాసన రాక ఏం చేస్తుంది?

ఇన్నాళ్లూ ఎందుకు తెలియలేదంటే, ముందు బ్రేకులు మోస్తున్నాయి కాబట్టి. బ్రేకు వేయగానే బండి ముక్కు కిందికి వంగుతుంది, బరువు ముందు చక్రాల మీదికి వస్తుంది. అందుకే తయారీలోనే ముందు బ్రేకులకి పెద్ద వాటా ఇస్తారు. మారుతి 800కి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు పెట్టింది ఆ లెక్కతోనే. ఖాళీ కారులో ఊళ్లో తిరిగేవాళ్లకి వెనక బ్రేకు లేని లోటు నిజంగానే తెలియదు. మా బండి వెనక బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు ఉంటాయి. బరువు వెనక ఉన్నప్పుడు రోడ్డు మీద మంచి పట్టు ఉన్న చక్రాలు వెనకవే. ఆ పట్టు వాడుకునే బ్రేకే లేదు.

ముందు బ్రేకులు అతిగా వేడెక్కితే ఆ వేడి బ్రేక్ ఆయిల్ దాకా వెళ్తుంది. ఇక్కడ పేరు దగ్గరే ఒక మోసం ఉంది. మనం బ్రేక్ ఆయిల్ అంటాం గానీ, మన బళ్లలో పోసే డాట్ 3, డాట్ 4 రకాలు నూనెలు కావు, గ్లైకాల్ జాతి ద్రవాలు. నూనె నీళ్లలో కలవదు, ఇవి కలుస్తాయి. గాలిలోని తేమను కూడా నెమ్మదిగా పీల్చుకుంటాయి. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టిన దానికి ఉన్న హద్దు 140 డిగ్రీలే. డాట్ 4కి ఆ అంకెలు 230, 155. నాలుగు వానాకాలాలు చూసిన ఆయిల్ ఘాటు మధ్యలో మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. అప్పుడు పెడల్ మెత్తగా కిందిదాకా దిగిపోతుంది. ఇదంతా మొదలైంది చల్లగా, సాధువులా కూర్చున్న వెనక చక్రం దగ్గర.

అసలు నాకు కబురు ముందే అందింది, నేనే వినలేదు. మా బండిలో సీటు కింద ఒక రాయి ఉండేది. ఎక్కడ ఆపినా కుర్రాడు దిగి దాన్ని చక్రం కింద పెట్టేవాడు. హ్యాండ్ బ్రేకు పట్టదు, అంతే, దానికీ కాలి బ్రేకుకీ సంబంధం ఏముంది అనుకున్నాను. కొన్ని పాత జీపులకి హ్యాండ్ బ్రేకు గేర్‌బాక్సు వెనక విడిగా ఉంటుంది, వాటి సంగతి వేరు. వెనక డ్రమ్ములున్న మామూలు కార్లలో, వ్యాన్లలో మాత్రం రెండు బ్రేకులూ నెట్టేది డ్రమ్ము లోపల గోడకి ఆని చక్రాన్ని ఆపే ఆ రెండు షూలనే. ఒకటి ఆయిల్ ఒత్తిడితో నెడుతుంది, ఇంకోటి కేబుల్‌తో లాగుతుంది. హ్యాండ్ బ్రేకు పట్టడం లేదంటే ముందు అనుమానించవలసింది డ్రమ్ము లోపలి పరిస్థితిని.

ఆ లోపల ఏముందో ఒకసారి చూద్దాం. డ్రమ్ము అంటే చక్రంతో పాటు తిరిగే ఇనప మూకుడు అనుకోండి. లోపల నెలవంకల్లా రెండు షూలు, వాటి వీపు మీద రాపిడికి అరిగే పొర, అదే లైనింగు. పైన వాటి మధ్య వీల్ సిలిండర్. పెడల్ తొక్కితే సిలిండర్‌లోని పిస్టన్లు రెండు వైపులా జరిగి షూలను మూకుడు గోడకి అదుముతాయి. వదిలేస్తే స్ప్రింగులు వెనక్కి లాగుతాయి. డ్రమ్ములో ఒక సొగసు ఉంది. బండి ముందుకి వెళ్తున్నప్పుడు ముందు వైపు షూ గోడకి తగలగానే, తిరిగే గోడే దాన్ని ఇంకా లోపలికి ఈడ్చుకుంటుంది. తలుపు కింద చెక్క ముక్క ఇరుక్కున్నట్టు. అందుకే తక్కువ ఒత్తిడితోనే డ్రమ్ము గట్టిగా పడుతుంది. పాత అంబాసిడర్లు నాలుగు చక్రాలకీ డ్రమ్ములతోనే తిరిగాయి.

లైనింగు అరిగేకొద్దీ షూకీ గోడకీ మధ్య సందు పెరుగుతుంది. పెడల్ ఒక్క తొక్కుకి పంపగలిగే ఆయిల్‌కి ఒక కొలత ఉంది. సందు పెద్దదైతే ఆ ఆయిల్ అంతా షూని గోడదాకా తీసుకెళ్లడానికే సరిపోతుంది, అదమడానికి మిగలదు. వెంటనే రెండోసారి తొక్కితే స్ప్రింగు పూర్తిగా వెనక్కి లాగకముందే ఇంకో విడత ఆయిల్ వచ్చి బ్రేకు పైనే పడుతుంది. 'రెండుసార్లు కొడితే బాగానే పడుతోంది' అనేవాళ్ల బండికి చాలాసార్లు ఉన్న జబ్బు ఇదే. ఎన్ని సార్లు కొట్టినా స్పాంజిలా మెత్తగా ఉంటే గొట్టాల్లో గాలి చేరినట్టు. గట్టిగా తొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి జారుతుంటే ఎక్కడో కారుతోంది, లేదా పెడల్ దగ్గర ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్ రబ్బర్లు పోయాయి. ఈ మూడింటినీ కలిపేసి 'బ్రేకు డౌను' అంటాం, అందుకే మందు కుదరదు.

సందు పెరగకుండా లోపల ఒక అడ్జస్టర్ ఉంటుంది. చాలా బళ్లలో అది చిన్న పళ్ల చక్రం ఉన్న మర. షూలు అరిగి ఎక్కువ దూరం కదిలినప్పుడల్లా ఒక్కో పన్ను తిరిగి, షూలను గోడకి దగ్గర చేస్తుంది. మన వైపు వానకీ ఎర్ర దుమ్ముకీ ఆ మర తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. సందు పెరుగుతుంది, హ్యాండ్ బ్రేకు లివర్ పైపైకి వస్తుంది. అప్పుడు మెకానిక్ దగ్గరికి వెళ్తాం.

మెకానిక్ చేసే పని రెండు నిమిషాలది. బండి కింద పడుకుని కేబుల్ నట్టు బిగిస్తాడు. 'వచ్చేసింది బాబూ, ఇంక రాయి అక్కర్లేదు' అంటాడు. నిజంగానే ఆ రోజుకి వస్తుంది. 15 ఏళ్లు నిండిన సొంత బళ్లకి రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించాలంటే ఫిట్‌నెస్ కావాలి. ఆ ముందు రోజు చాలా బళ్లకి జరిగే వైద్యం ఇదే. నేనూ చేయించాను. తప్పంతా మెకానిక్‌దని అనను, పది నిమిషాల్లో బండి కావాలని తొందరపెట్టింది నేను.

ఆ బిగింపు చేసే చెడు ఇది. హ్యాండ్ బ్రేకు దించినా కేబుల్ వదులవ్వదు. డ్రమ్ము లోపల కేబుల్ తగిలించిన లివర్ సగం లాగిన స్థితిలోనే ఉండిపోతుంది. అడ్జస్టర్ ఎప్పుడు తిరగాలో తెలుసుకునేది షూలు, లివర్ పూర్తిగా వెనక్కి వచ్చి మళ్లీ కదిలే దూరాన్ని బట్టి. అవి వెనక్కే రాకపోతే బాగున్న అడ్జస్టర్ కూడా తిరగదు. అంటే మనం తగ్గించామనుకున్న జబ్బుని శాశ్వతం చేశాం. కొన్నాళ్లకి కేబుల్ సాగుతుంది, మళ్లీ బిగిస్తాం, చివరికి మర అయిపోతుంది. మా బండి కేబుల్ నట్టు సరిగ్గా మర చివర ఉంది. పైన రాయి ఉండనే ఉంది.

అందుకని క్రమం తిరగెయ్యాలి. మొదట కేబుల్ పూర్తిగా వదులు చేసి, డ్రమ్ములు విప్పి, లోపల అంతా సరిచేసి, షూల సందు సరిచూసి, అప్పుడు చివరగా కేబుల్. ఈ పనిలో నేను కొత్తగా నేర్చుకున్నది ఏదైనా ఉంటే అది ఈ వరసే.

విప్పడం అనుకున్నంత తేలిక కాదు. చదును నేల మీద, ముందు చక్రాలకి అటూ ఇటూ రాళ్లు పెట్టి (ఇక్కడ రాయికి గౌరవమైన ఉద్యోగం), నట్లు కొంచెం వదులు చేశాక జాకీ ఎత్తి, ఇరుసు కింద స్టాండు పెట్టాలి. ఇటుకలు పెట్టకండి. ఇటుక బరువు మోస్తున్నట్టే ఉండి ఒక్కసారిగా పగులుతుంది. కొన్ని కార్లలో డ్రమ్మూ హబ్బూ ఒకటే ముక్క, మధ్య నట్టు విప్పితేనే వస్తుంది. మిగతావాటిలో చక్రం తీశాక డ్రమ్ము లాగితే రావాలి. రాదు. రెండు కారణాలు. మధ్య కన్నం దగ్గర తుప్పు కరుచుకుని ఉంటుంది. లేదా ఏళ్ల అరుగుడుకి గోడ లోతై, అంచున ఒక గట్టు మిగిలి, ఆ గట్టుకి షూలు తట్టుకుంటాయి. మొదటిదానికి తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఓపిక పట్టడమే. చాలా డ్రమ్ములకి ముఖం మీద మర ఉన్న రెండు చిన్న కన్నాలుంటాయి. వాటిలో సరిపడే బోల్టులు వేసి చెరి కొంచెం బిగిస్తూ పోతే డ్రమ్ము తనే బయటికి వస్తుంది. రెండోదానికి డ్రమ్ము వెనక మూతలా ఉండే బ్యాక్ ప్లేటు కన్నంలోంచి స్క్రూడ్రైవర్ పెట్టి అడ్జస్టర్‌ని వెనక్కి తిప్పి షూలను ముడవాలి. సుత్తి కావాలంటే చక్రం నట్లు పట్టే స్టడ్ల మధ్య ముఖం మీద తట్టండి, అంచు మీద కొడితే పోత ఇనుము పెచ్చు లేస్తుంది.

డ్రమ్ము ఊడగానే గుప్పెడు నల్ల పొడి రాలుతుంది. దాన్ని నోటితో ఊదకండి, గాలి పైపు పెట్టకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ వాడేవాళ్లు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి విషం. నీళ్లతో తడిపి గుడ్డతో తుడవడమే పద్ధతి. ఇంకో మాట, రెండు వైపులా ఒకేసారి విప్పకండి. ఒక వైపు విప్పితే రెండోది చూసుకుని బిగించుకోవడానికి నమూనాగా ఉంటుంది. ఏ స్ప్రింగు ఏ కన్నంలోదో గుర్తుంటుందనుకోవడం భ్రమ. ఫోన్‌లో ఫోటో తీసుకోండి.

మా బండిలో కుడి పక్క పొడిగానే ఉంది, అడ్జస్టర్ మాత్రం రాయిలా బిగుసుకుపోయింది. ఎడమ పక్క తడి. ఈ తడి ఎక్కడిదో తేల్చకుండా కొత్త షూలు వేయడం డబ్బు దండగ. ఇరుసు తిప్పే వెనక చక్రాలున్న బళ్లలో రెండు చోట్ల నుంచి కారవచ్చు. వీల్ సిలిండర్ రబ్బర్లు పోతే బ్రేక్ ఆయిల్, ఇరుసు చివర సీలు పోతే గేర్ ఆయిల్. దుమ్ముతో కలిసి రెండూ నల్లగానే కనిపిస్తాయి. తేల్చడానికి సులువైన దారి ఒకటుంది. ఆ తడిని గుడ్డతో అద్ది నీళ్ల పళ్లెంలో పిండండి. బ్రేక్ ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది, గేర్ ఆయిల్ తేలి రంగులు చిమ్ముతుంది. గేర్ ఆయిల్‌కి గంధకం లాంటి ఘాటు వాసన కూడా ఉంటుంది. మాది కలిసిపోయింది, కాబట్టి సిలిండర్.

నూనె పట్టిన లైనింగు గురించి ఇక్కడ అందరికీ ఒక వైద్యం తెలుసు. పెట్రోలుతో కడగడం, మంట మీద కాల్చడం, గరుకు కాగితం రుద్దడం. పైన ఆరినట్టు కనిపిస్తుంది. లైనింగు లోపలిదాకా పీల్చుకున్నది ఘాటులో వేడెక్కగానే మళ్లీ పైకి చెమరుస్తుంది, అప్పుడు ఒక చక్రం పట్టి ఇంకోటి జారుతుంది. తడిసిన షూ పారేయాల్సిందే. అదీ ఒక వైపు కాదు, రెండు వైపులా నాలుగు షూలూ మార్చాలి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది ఉంటే బండి ఒక వైపు లాగుతుంది.

సిలిండర్ దగ్గర పని గొలుసులా పెరుగుతుంది. రబ్బర్ల కిట్టు మాత్రమే వేస్తే చవక, నిజమే. కానీ లోపలి గోడ మీద గోరు తట్టుకునే గుంటలుంటే కొత్త రబ్బరు కొన్ని వారాలకే చిరుగుతుంది. నా అభిప్రాయం, పాత బండికి పూర్తి సిలిండర్ వేయించడమే తక్కువ ఖర్చు. దాన్ని విప్పబోతే గాలి తీసే నిపుల్ విరిగింది. పైపు నట్టు మూలలు మామూలు స్పానర్‌కి గుండ్రంగా అరిగిపోయాయి. పైపు నట్లకి రింగు స్పానర్‌కి కోత పెట్టినట్టుండే వేరే స్పానర్ వస్తుంది, అది అడిగి తెచ్చుకోండి. మేం తేలేదు, అందుకని ఆ అడుగు పొడవు పైపు కూడా కొనాల్సి వచ్చింది. రబ్బర్లు పెట్టేటప్పుడు వాటికి బ్రేక్ ఆయిలే రాయాలి. ఇంజిన్ ఆయిల్, గ్రీజు, కిరసనాయిలు తగిలితే ఆ రబ్బరు ఉబ్బి పనికిరాకుండా పోతుంది. 'ఆయిల్' అనే పేరు చేసే రెండో మోసం ఇది. బ్రేక్ ఆయిల్ తగ్గిందని ఇంకో ఆయిల్ పోస్తే మొత్తం బ్రేకుల రబ్బర్లన్నీ మార్చుకోవాలి.

డ్రమ్ములను లేత్ షాపుకి ఇస్తే టర్నింగ్ కొట్టి గట్టు తీస్తారు. ఎంత వరకు తీయవచ్చో డ్రమ్ము మీదే పోత పోసి ఉంటుంది, ఎక్కువ కార్లకి అది కొత్త డ్రమ్ము లోపలి వ్యాసం కన్నా సుమారు 2 మిల్లీమీటర్లు ఎక్కువ. ఆ హద్దు దాటితే గోడ పలచనై వేడిని మోయలేదు. రెండు డ్రమ్ములనీ ఒకే కొలతకి కొట్టించాలి. గోడ మీద నీలం మచ్చలుంటే అవి అతిగా కాలిన గుర్తులు. ఘాటు దిగిన లారీల డ్రమ్ముల మీద క్లీనర్లు బకెట్లతో నీళ్లు కొట్టడం చూస్తుంటాం. కాలిన పోత ఇనుము మీద చన్నీళ్లు పడితే పగుళ్లు వస్తాయి. ఇంకో విశేషం, వేడెక్కినప్పుడు డ్రమ్ము షూల నుంచి దూరంగా పెరుగుతుంది, అందుకే ఘాటు చివర పెడల్ కొంచెం కిందికి వెళ్తుంది. డిస్కుకి ఈ బాధ లేదు.

స్ప్రింగులు కొత్తవే వేయించండి, వాటి ధర చెప్పుకునేంత ఉండదు. వేడికి కాలి వదులైన స్ప్రింగు షూని పూర్తిగా వెనక్కి లాగదు. షూ అంచులు ఆనే బ్యాక్ ప్లేటు బొడిపెలను గీకి, వేడికి కరగని గ్రీజు వేలి కొసతో చుక్క చుక్క పెట్టాలి. బేరింగు గ్రీజు దట్టంగా పులిమితే అది కరిగి లైనింగు మీదికే వస్తుంది. అడ్జస్టర్ మరని ఇనప బ్రష్షుతో కడిగి, చేత్తో తేలిగ్గా తిరిగేదాకా వదలకండి. ఎడమది ఎడమకే, కుడిది కుడికే. చాలా బళ్లలో రెండిటి మరలు వ్యతిరేక దిక్కుల్లో ఉంటాయి. తారుమారు చేస్తే అది షూలను దగ్గర చేసే బదులు వెనక్కి ముడుచుకుంటుంది. అన్నీ కొత్తవే వేసినా బ్రేకు రోజురోజుకీ తగ్గుతోందని తల పట్టుకునేవాళ్లలో కొందరి కథ ఇంతే.

డ్రమ్ము ఎక్కించాక అడ్జస్టర్‌ని తిప్పుతూ పోవాలి. చక్రం చేత్తో తిప్పితే లోపల సన్నగా 'సర్' అని రాసుకునే చప్పుడు వచ్చే దగ్గర ఆపాలి. తిరగడం బరువైతే ఒకటి రెండు పళ్లు వెనక్కి. ఆ తర్వాత ఆయిల్ గొట్టాల్లోంచి గాలి తీయడం. మాస్టర్ సిలిండర్ కుడి వైపు ఉంటుంది కాబట్టి మామూలుగా అన్నిటికన్నా దూరమైన ఎడమ వెనక చక్రంతో మొదలుపెడతారు. కొన్ని బళ్ల వరస వేరు, మాన్యువల్ ఉంటే చూసుకోండి. ఒకరు తొక్కి పట్టుకోవాలి, ఒకరు నిపుల్ వదిలి బుడగలు పోయాక బిగించాలి, బిగించాకే పెడల్ వదలాలి. పాత బండిలో పెడల్‌ని అడుగంటా తొక్కకండి. మాస్టర్ సిలిండర్‌లో రోజూ పిస్టన్ వెళ్లని చోట తుప్పు పేరుకుని ఉంటుంది, అక్కడికి వెళ్లిన రబ్బరు కోసుకుపోతుంది. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టుకుంటే చాలు. డబ్బాలో ఆయిల్ మాత్రం ఏ క్షణమూ అడుగంటనివ్వకండి, మళ్లీ గాలి చేరుతుంది.

అన్నీ అయ్యాక అప్పుడు కేబుల్. వదులుగా పెట్టి మొదలుపెట్టాం. లివర్ నాలుగో ఐదో 'కటకట'లకి పట్టేసింది. అంతకుముందు పదకొండు దాకా వచ్చేది, అయినా పట్టేది కాదు. నట్టు మర సగంలోనే ఆగింది.

కొత్త లైనింగు డ్రమ్ము వంపుకి కుదురుకోవడానికి కొంత సమయం కావాలి. సెమిలిగూడ దగ్గర ఖాళీ చదును రోడ్డు మీద 40, 50 వేగం నుంచి నెమ్మదిగా ఆపడం, కొంచెం ఆరనివ్వడం, మళ్లీ ఆపడం, ఇలా ఓ ఇరవై సార్లు చేశాం. సరుకుతో ఘాటుకి తీసుకెళ్లింది వారం తర్వాతే, ఈలోపు ఇంకోసారి సందు చూశాం, ఎడమ పక్క రెండు పళ్లు తిప్పాల్సి వచ్చింది. వేడి మీద ఉన్న డ్రమ్ముకి హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి వదిలేయకూడదు, చల్లారి ముడుచుకున్నాక షూలు పట్టేస్తాయి. వానల్లో రోజుల తరబడి బండి కదలకపోతే కూడా అంతే, లైనింగు తుప్పుతో గోడకి అతుక్కుంటుంది. అలాంటప్పుడు గేరులో పెట్టి రాయి వేయడమే మేలు, అందుకని దాన్ని పారేయలేదు.

ఆషాఢంలో సుంకి ఘాటు రెండో గేరులో దిగి అదే టీ కొట్టు దగ్గర ఆపాను. ముందు రిమ్ములు వేడిగా ఉన్నాయి గానీ చెయ్యి ఆనించగలిగాను, వాసన లేదు. వెనక ఎడమ చక్రం గోరువెచ్చగా ఉంది. కుడి వైపు వెళ్లి చూశాను. అదీ అంతే వెచ్చగా ఉంది.